కోడలు డ్రాప్ చేస్తానంది

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోక ఏడాది దాటింది. అలాంటిది ఆ సోమవారం పొద్దున కోడలు హెప్సిబా స్కూటీ నడుపుతుంటే, అత్త దానమ్మ వెనక ఒక పక్కకు కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని అర్ధవీడు నుంచి మార్కాపురం పోతోంది. కోడలి నడుం పట్టుకోవడానికి మనసొప్పక సీటు అంచు పట్టుకుంది. నోరు మాత్రం కట్టేసుకోలేకపోయింది.

“...అట్ల నిన్న మన ఏసయ్య గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పినా హెప్సీ. నా కోడలు నా కొడుకు మీద పెట్టిన కేసు డ్రాప్ చేస్తా ఉంది, దేవుడు ఆమె మనసు మార్చినాడు అని. అందరూ చప్పట్లు కొట్టినారు.”

“విన్నా. గుడికొచ్చిన రెబెకా చెప్పింది.”

“చెప్పొద్దా మరి? దేవుడు చేసిన మేలు దాచగూడదు. శనివారం ఫోన్లో ‘డ్రాప్ చేస్తావా అమ్మా’ అంటి. ‘చేస్తా అత్తా, సోమవారం పొద్దున్నే తయారుగా ఉండు’ అంటివి. ఆ రాత్రి కండ్ల నిండా నిద్రపోయినా.”

“అన్నా. అన్నమాట తప్పను.”

“నాకు కోర్టులో నిలబడే పని తప్పింది. నా కొడుకు పాలుగాడి లాయరు ఒకటే పోరు. దేవుని మీద ప్రమాణం చేసి, మా కోడలు బండి మీంచి జారి పడింది అని చెప్పాలంట.”

“జారి పడిందని.”

“జారే పడినావు గదా.”

“నీ కొడుకు ఏమన్నాడు ఆ పొద్దు? మీ అమ్మోళ్ల ఇంటికాడ డ్రాప్ చేస్తా, ఎక్కు అన్నాడు. ఎక్కినా. రోడ్డెక్కంగానే మోచేత్తో తోసినాడు. బండి పోతానే ఉంది.”

“మళ్లా అదే పాట. డ్రాప్ చేసేదానివి ఇప్పుడెందుకు తవ్వుతావు?”

“వాడు కూడా డ్రాప్ చేస్తాననే తీసుకపోయినాడు.”

“మొగుణ్ణి వాడూ వీడూ అనొద్దు.”

“సరే. ఆయనగారు.”

“ఎగతాళా? ఒసే, గుంత... గుంత చూసి పోనీ.”

“చూసినా. నన్ను పట్టుకో అత్తా, పడతావు.”

“నిన్ను పట్టుకునే ఖర్మ నాకేం పట్టలేదు.”

“పట్టుకున్నావు గదా ఇప్పుడు.”

“గుంతొచ్చిందని పట్టుకున్నా. ఏందే ఈ చెయ్యి, ఇంకా ఇట్ల వంకరగానే ఉంది?”

“అట్లనే అతుక్కుంది.”

“నూనె పెట్టి తోముకోవాల్సింది.”

“ఎవరు తోమాల? నువ్వా?”

“నీ నోరే నీకు శత్రువు. పెండ్లయిన కాన్నుంచి అంతే. ఏం చెప్పినా ఎదురే.”

“ఎప్పుడు ఎదురు చెప్పినా? డిగ్రీ డ్రాపయిపో, ఇంట్లో మనిషి కావాల అన్నావు. ఆఖరి సంవత్సరం. మారు మాట్లాడకుండా డ్రాపయినా.”

“చదివి ఏం ఏలేదానివి?”

“అదీ నిజమే. చదువుంటే ఆ చెయ్యి విరిగిన పొద్దే స్టేషన్‌కు పోయుందును. కట్టు విప్పిందాకా కూర్చున్నా. విప్పినాక ఆయనగారు ‘ఈసారి లారీ కిందకే’ అంటే అప్పుడు పోయినా.”

“కోపంలో అన్నమాట అది. నేను వినలేదు.”

“నువ్వు వినవు. చూడవు.”

“నాకు కండ్లు ఎక్కడ సరిగ్గా ఆనతాయి? ఆపరేషన్ చేసిన కండ్లు.”

“ఆపరేషన్ నేను పడినాక అయింది అత్తా. కుడిచెయ్యి పిండికట్టుతో మెడకు యాలాడతా ఉంటే, ఎడమచేత్తో నీ కంట్లో డ్రాప్స్ వేసింది నేనే. ఒక చుక్క చెంప మీద పడితే ‘చెయ్యి నిలకడ లేదా, మందు ఊరికే వచ్చిందా’ అన్నావు.”

“అదే నేనూ చెప్పేది. నువ్వు పడేనాటికి ఆపరేషనే కాలేదు. ఇంకేం కనపడతాది?”

“కనపడకుంటే ‘ఒరే పాలూ, వద్దురా’ అని ఎందుకు అరిచినావు?”

“నేనా?”

“నువ్వే. వాకిట్లో నిలబడి. నేను పడకముందే అరిచినావు. జారి పడేదాన్ని చూసి ‘వద్దురా’ అంటారా ఎవరన్నా?”

“...బండి ఆపు. నాకు బీపీ డ్రాపయితా ఉంది.”

“తర్లుపాడు వచ్చింది. సోడా తాగు.”

“సోడా వద్దు. ఏమీ వద్దు. నడుపు. డ్రాప్ చేస్తా అన్నావు, చెయ్. అంతే. మాట్లాడించొద్దు నన్ను.”

“నేనెక్కడ మాట్లాడించినా.”

“నువ్వు తల్లివైతే తెలుస్తాది నీకు.”

“నేనొక తల్లి కన్న బిడ్డనే అత్తా. అది నీకు తెలియాల.”

“ఇంక నోరు మూసుకో.”

“మూసుకున్నా.”

“...ఒసే. ఇదేంది, కోర్టు గేటు గదా ఇది. లాయరు ఆఫీసుకు పోయి సంతకం పెడతావనుకుంటి.”

“ఏం సంతకం?”

“కేసు డ్రాప్ చేసేదానికి.”

“కేసని ఎప్పుడన్నావు? ‘సోమవారం కోర్టు ఉంది గదా, డ్రాప్ చేస్తావా’ అన్నావు. తోడు ఎవరూ లేరేమో, ముసలిది బస్సెక్కలేదేమో అనుకుని చేస్తా అన్నా. నువ్వు అడిగింది వేరే అని నిన్న రెబెకా చెప్పిందాకా నాకు తెలియదు.”

“తెలిసి కూడా తోలుకొచ్చినావా?”

“మాటిచ్చినా గదా.”

“మోసం చేసినావే. గుడిలో నా తల తీసినావు. పాలుగాడు జైలుకు పోతాడే.”

“జారి పడిందని చెప్పు, పోడు. నిన్న గుడిలో చెప్పినట్లే గట్టిగా చెప్పు సాక్ష్యం.”

“దేవుని పేరు చెప్పి ఎట్ల చెప్పాల్నే అది?”

“అది నువ్వూ నీ దేవుడూ చూసుకోండి. దిగు.”

“నేను దిగను.”

“స్టాండేసినా. నా భుజం పట్టుకో. కాలు ఇటు పెట్టు, అటు సైలెన్సర్ కాలతాది.”

“వదులు. నన్నెందుకు పట్టుకుంటావు?”

“పడతావత్తా. నేను డ్రాప్ చేస్తే ఇట్లనే చేస్తా. బండి ఆపి చేస్తా.”