పాత స్ట్రీమ్‌కి మిగిలిన ఒకే ఒక్క శ్రోత

వేదిక మీదున్న డైరెక్టరుగారికి, ముందు వరసలోని పెద్దలకు, మధ్య వరసల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న మిత్రులకు, చివరి వరసలో కాఫీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తున్న ఆత్మీయులకు నమస్కారం. ఇవాళ పదవీ విరమణ చేస్తున్న, ఆఫీసంతా ‘సవరణగారు’ అని పేరు పెట్టుకున్న మన సార్‌కీ, ఆయన్ని ఇన్నేళ్ళు భరించి కూడా ఇంత చల్లగా నవ్వుతున్న ఆయన శ్రీమతి, మన అక్కగారికీ విడిగా ఇంకో నమస్కారం. (నవ్వులు.)

నన్ను క్లుప్తంగా ముగించమన్నారు. నేను నోరు తెరిచి ఇంకా నిమిషం కాలేదు, సవరణగారు అప్పుడే జేబులోంచి పెన్ను తీశారు చూడండి. సార్, ఆహ్వానపత్రంలో తప్పులు దిద్ది మాకే తిప్పి పంపారు, బావుంది. నా ఉపన్యాసాన్ని మాత్రం వదిలెయ్యండి. మేం బహుమతిగా ఇచ్చిన ఆ గోడ గడియారాన్నీ వదిలెయ్యండి. ఉపగ్రహాల టైముతో పోల్చి చూస్తే అది వెనకబడి ఉందని నాకూ తెలుసు, ఇందాకట్నుంచీ మీరు దాన్ని గుర్రుగా చూస్తున్నారని కూడా తెలుసు.

కుటుంబాలతో వచ్చినవాళ్ళ కోసం మా పనేమిటో ఒక్క ముక్క చెప్పాలి. ఎందుకంటే మా ఇంట్లోనే ఎవరికీ తెలియదు. మా అత్తగారు నేను ఉపగ్రహాలు ఎగరేస్తానని ఇరుగుపొరుగుకి చెప్పుకుంటారు, నేనూ కాదనలేదు. ఉపగ్రహాలు చెప్పే మాట విని మనం ఎక్కడున్నామో తెలుసుకుంటాం కదా, ఆ మాట గాలి పొరలన్నీ దాటి వచ్చేసరికి కాస్త వంకరపోతుంది, నాలుగడుగులు అటూ ఇటూ అవుతుంది. రోడ్డు మీద కారుకి అది చాలు. గట్టు కొలిచే సర్వేయరుకి చాలదు, పక్కింటివాళ్ళతో కొట్లాటలైపోతాయి. అందుకని మా మేడ మీద ఒక యాంటెన్నా బిగించాం. అది కదలదు. తానెక్కడుందో దానికి ముందే తెలుసు కాబట్టి ఉపగ్రహాలు ఎంత తప్పు చెబుతున్నాయో క్షణక్షణం పట్టేసి, ఆ సవరణని ఇంటర్నెట్ మీద అందరికీ పంపిస్తూ ఉంటుంది. సర్వేయర్లు, ట్రాక్టర్లు, రేవులో పూడిక తీసే పడవలు అలా వింటూ పనిచేసుకుంటాయి. కూర్చున్నచోట నుంచి కదలకుండా లోకంలో అందరి తప్పులూ దిద్దడం ఆ యాంటెన్నా ఉద్యోగం. దానికీ ఈయనకీ పోలిక నేను చెప్పనక్కర్లేదు, అక్కగారు అప్పుడే నవ్వేస్తున్నారు.

ఆ సవరణ పంపడానికి ఒక వరస ఉంది. ముందు ఇది ఏ రకం కబురో, ఎంత పొడవో చెప్పాలి. తర్వాత అసలు సంగతి. ఆఖర్న సరిచూసుకోవడానికి ఒక అంకె. ఆ అంకె కుదరకపోతే కబురు మొత్తం పారెయ్యాలి తప్ప, సగం విని మిగతాది ఊహించుకోకూడదు. మేమంతా దీన్ని ఉద్యోగం కోసం నేర్చుకున్నాం, ఈయన ఒంటబట్టించుకున్నారు. ఆయన ఫోన్ ఎలా ఉంటుందో మీకందరికీ అనుభవమే. “నేను, ఆఫీసు నుంచి. విషయాలు రెండు. ఒకటి, సర్వరు ఆగింది. రెండు, నువ్వు రావాలి. అంతే. అందిందా?” అవతలివాళ్ళు ‘అందింది’ అనేదాకా ఫోన్ పెట్టరు. ఒకసారి నేను పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాను. “ఊఁ” అన్నాను. సరిపోలేదట. మళ్ళీ మొదట్నుంచీ చెప్పారు. మళ్ళీ “ఊఁ” అన్నాను. మళ్ళీ మొదట్నుంచీ. ఆఖరికి డాక్టరుగారే ఫోన్ లాక్కుని “అందింది మహాప్రభో!” అని అరిచారు. (నవ్వులు.)

ఇక పాత స్ట్రీమ్ సంగతికొస్తాను, స్ట్రీమ్ అంటే మేం ఆగకుండా పంపే ఆ సవరణల ధారే. మీ చేతుల్లో ఉన్న కార్యక్రమ పత్రంలో ఆఖరి అంశం చూడండి. ఈ సభ ముగియగానే డైరెక్టరుగారు తమ చేతులతో పాత స్ట్రీమ్‌ని శాశ్వతంగా ఆపేస్తారు. బటన్ ఇదిగో, ఆయన ముందున్న ల్యాప్‌టాప్‌లో సిద్ధంగా ఉంది. ఆపాలని ఇన్నేళ్ళు పోరింది నేనే.

మా దగ్గర రెండు ఫార్మాట్లు, అంటే కబురు మూటకట్టే పద్ధతులు, నడుస్తున్నాయి. కొత్తది అన్ని దేశాల ఉపగ్రహాల కబుర్లనీ ఒకే పెట్టెలో చక్కగా సర్దేస్తుంది. పాతది చొక్కాకో సంచీ పట్టుకుని ప్రయాణం కట్టే మనిషి. వాడేవాళ్ళందరూ ఒక్కొక్కరే కొత్తదానికి మారిపోయారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు ఎవరో మాకు తెలియదు. పాతరోజుల్లో అందరికీ ‘అతిథి’ అని ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్ పంచిపెట్టాం. అతిథి వచ్చి పేరు చెబుతాడు, మా సర్వరు ‘సరే’ అంటుంది, ఇక ఆయన వినడమే, మారు పలకడు. ఈ ఊళ్ళోంచే వింటున్నారని మాత్రం కనిపించేది. దానికోసం ఒక ముసలి సర్వరు, దాని ఫ్యాను గీపెడితే సవరణగారే స్వయంగా నూనె వెయ్యడం.

“ఆపేద్దాం సార్” అనేదాన్ని.

“ఒకరు వింటున్నారు కదమ్మాయ్.”

“ఎవరు సార్?”

“ఎవరైతేనేం? మనల్ని నమ్ముకున్నారు.”

ఆ అతిథి రేవులో ముసలి పడవ నడిపే కెప్టెన్ అయి ఉంటాడని ఆయన తీర్మానించేశారు. గాలివాన వస్తే “పాపం, కెప్టెన్ నీళ్ళ మీద ఉన్నాడో ఏమో” అని సర్వరు పక్కనే కుర్చీ వేసుకునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఆయన పట్టినదానికీ అంతే, ఆఫీసంతా మా ఇద్దరి కుందేళ్ళ మధ్య నలిగిపోయింది.

చివరికి మొన్న వానాకాలంలో నేను గెలిచాను. మా వృత్తిలో ఒక మొరటు పద్ధతుంది. ఏదైనా ఎవరికి కావాలో తెలియకపోతే, చెప్పాపెట్టకుండా ఆపేసి ఎవరు అరుస్తారో చూడడం. ఒక మధ్యాహ్నం ఆపేశాం. ఈయన ఫోన్ ముందు కూర్చున్నారు, ఆపరేషన్ గది బయట కూర్చున్న చుట్టంలా. ఒక్క ఫోనూ రాలేదు. ఆఫీసు మూసే వేళకి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఈయన సంచీ తీసుకుని, చాలా కాలానికి వేళకి ఇంటికి వెళ్ళారు.

వెళ్ళేసరికి ఇంటికి తాళం. తాళంచెవి లేదు. గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నారు. కూర్చుని తల తిప్పితే తమ వంటగది కిటికీ, కిటికీలో ఒక పాత డబ్బా, డబ్బా మీద ఎర్రదీపం. ఎప్పుడో పరీక్షించడానికి ఆఫీసు నుంచి తనే తెచ్చి, యాంటెన్నా కిటికీకి తనే కట్టి, తనే మరిచిపోయిన, పాత స్ట్రీమ్ వినే రిసీవరు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదండీ! అప్పుడు అక్కగారు చెల్లెలితో సినిమా చూసుకుని తాపీగా వచ్చారు.

“అదేంటి, వచ్చేశారు? దీపం ఎర్రగా ఉంది కదా!” అన్నారట.

అక్కగారికి ఉపగ్రహాలతో పనిలేదు, ఫార్మాట్లతో అంతకంటే లేదు. దీపం పచ్చగా ఉంటే ఆఫీసులో అన్నీ బాగున్నాయి, ఆయన వేళకొస్తారు, పొయ్యి వెలిగించాలి. ఎర్రగా ఉంటే అక్కడేదో చెడింది, ఇవాళ్టికి ఆయన మీద ఆశ వదులుకోవాలి. మా ఆఫీసులో ఏది చెడినా ముందు మూర్ఛపోయేది ఆ ముసలి సర్వరే కాబట్టి, ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఎప్పుడైనా కరెంటు పోయి డబ్బా ఆరిపోతే ఆవిడే మళ్ళీ వెలిగించుకునేవారు. ఇన్నేళ్ళూ ఫోన్ చేసి ‘ఎప్పుడొస్తారు’ అని ఈయన్ని ఆవిడ ఎందుకు అడగలేదో మాకప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఈయన నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. “విషయం ఒకటి. కెప్టెన్ దొరికాడు.”

“ఎవరు సార్?”

“మా ఆవిడ. అంతే. అందిందా?” (పెద్దగా నవ్వులు. అక్కగారు చేతుల్లో మొహం దాచుకున్నారు.)

అందింది. ఆ పూటే మళ్ళీ నడిపించాం. నడిపిస్తూనే, ఈయన రిటైరయ్యే రోజున ఆపేద్దామని డైరెక్టరుగారికి నేనే చెప్పాను. రేపట్నుంచి ఈయన ఇంట్లోనే ఉంటారు, వస్తారో రారో చెప్పడానికి ఇక దీపమెందుకు? నా లెక్క అది. తప్పేముందండీ అందులో?

నిన్న ఆ మాటే చెబుదామని అక్కగారికి ఫోన్ చేశాను. ఆవిడ మాటలు ఉన్నవున్నట్టు చెబుతాను. “ఆపకు తల్లీ, నీకు పుణ్యముంటుంది. వారం నుంచీ ఆయన కుర్చీ తెచ్చి ఆ కిటికీ ముందు వేసుకుంటున్నారు, రిటైరయ్యాక అలవాటు కావాలట. ఎర్రదీపం చూస్తే చెప్పులు కూడా వేసుకోకుండా మీ ఆఫీసుకి పరిగెత్తుకొస్తారు. వచ్చాక మళ్ళీ వెళ్ళరు. ఆలోచించుకోండి.” (నవ్వులు.)

బెదిరింపులా ఉంది కదా? నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వలేకపోయాను. మా నుంచి ఆయనకి ఇక మిగిలేది ఆ చిన్న పచ్చదీపం ఒక్కటే. దాన్ని ఆర్పడానికి మేం సభ పెట్టి, కార్యక్రమ పత్రంలో అచ్చేయించాం.

డైరెక్టరుగారూ, మీరు మంచి మనసుతో ఒప్పుకున్నారు, నేను నలుగురిలో అడ్డం తిరుగుతున్నాను, క్షమించండి. ఆ బటన్ నొక్కొద్దు. ముసలి సర్వరు ఫ్యానుకి నేను నూనె వేస్తాను. ఒకరు వింటున్నారండీ. మనల్ని నమ్ముకున్నారు.

(డైరెక్టరుగారు ల్యాప్‌టాప్ మూసి, పక్కకి జరిపారు. చాలాసేపు చప్పట్లు.)

సార్, పెన్ను జేబులో పెట్టుకోండి, అయిపోవచ్చింది. మీతో దెబ్బలాడకుండా రేపు ఆఫీసుకి రావడమంటే నాకు ఏడుపొస్తోంది. మీ పద్ధతిలోనే చెప్పేస్తాను.

నేను, ఆఫీసు నుంచి. విషయాలు మూడు. ఒకటి, దీపం పచ్చగా ఉన్నంతసేపూ మేమంతా మా కుర్చీల్లో ఉన్నామని లెక్క, నిశ్చింతగా భోంచెయ్యండి. రెండు, ఎర్రగా ఉంటే మీరు రాకండి, మేం చూసుకుంటాం, మాకు ఆలస్యమవుతుందని మా ఇళ్ళకి మాత్రం కాస్త ఫోన్ చేసి చెప్పండి. మూడు, ఆఖర్న సరిచూసుకునే ఆ అంకెతో సహా మీరు నేర్పిందంతా మా దగ్గరుంది, ఏదీ పారెయ్యలేదు. అంతే.

అందిందా సార్?

(సవరణగారు లేచి నిలబడ్డారు. తల ఊపారు.)

సరిపోదు సార్. మళ్ళీ మొదట్నుంచీ చెప్పాల్సొస్తుంది.

(“అందిందమ్మాయ్.”)

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. కాఫీ వచ్చేసింది. నాకిక సెలవు.