తెలుగులో రాసిన చీటీలు

ఊరి పేరు పాండిచ్చేరి నుంచి పుదుచ్చేరికి మారిన మరుసటి ఏడాది, అక్కడి ఒక కళాశాల ఎలుకల గదిలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకరు యానాం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని, మరొకరు ఎలుకలకు తిండి పెట్టే, ఆ ఊరి ముత్తియాల్‌పేట ఆవిడ.

“అక్కా, మెథియోనిన్ అనే పోషకం లేని తిండి ఎడమవైపు ఎలుకలకు కదా పెట్టాలి? అవి చిక్కిపోవాలి, వాటి లివర్ ఎంజైములు పెరగాలి. అవేమో బూరెల్లా ఉన్నాయి. కుడివైపువి చిక్కిపోయాయి.”

“లివర్ సంగతి నాకేం తెలుసు మేడమ్. తిండి మాత్రం ఒక్క పూట తప్పలే.”

“ఏ డబ్బా ఎటువైపు పెట్టాలో చీటీలు అంటించానుగా. మీరు తెలుగువాళ్లని తెలుగులోనే రాశాను.”

“మాట్లాడేదానికి తెలుగోళ్లమే. చదివేది అరవం మేడమ్. మా తాతకే తెలుగు అక్షరం రాదు.”

“మరి ఆ రోజు చీటీ చూసి తలూపారే?”

“మీ చేతిరాత ముద్దుగా ఉండాదని ఊపినా.”

“అయితే ఆరు వారాలూ డబ్బాలు తారుమారుగా పెట్టారన్నమాట. రోజుకొకలా పెట్టలేదు కదా?”

“లే. ఎర్రమూత డబ్బా ఎప్పుడూ ఈ పక్కకే, తెల్లమూతది ఆ పక్కకే.”

“హమ్మయ్య. అయితే రికార్డులో కుడి, ఎడమ మార్చి, గైడుగారికి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. ఈ రెండూ కాక ఇంకేమీ పెట్టలేదుగా?”

“వినాయక చవితికి శనగల సుండల్, అదే మీ గుగ్గిళ్లు, పెట్టినా. ఎలుక ఆ సామి వాహనం గదా.”

“ఎటువైపు వాటికి?”

“రెండు పక్కలా సమానంగానే పెట్టినా మేడమ్. ప్రసాదానికి చీటీ యాడుంది?”