చెరువుకట్ట మీద రెండు సైకిళ్లు

సకల జనుల సమ్మె రోజులు. చిట్యాల దాటిన తర్వాత, చెరువుకట్ట మీది మొరం తొవ్వలో అత్త రాజమణి, కోడలు సంధ్య చెరొక సైకిల్ తొక్కుతున్నారు.

"బ్రేకు పట్టు అత్తమ్మా, బ్రేకు పట్టు."

"ఏది బ్రేకు?"

"చేతి కింద. గది గాదు, గది గంట."

"గంట కొడితే ఎవలన్న జరుగుతరేమో అనుకున్న."

"జరగనీకి ఎవలున్నరు? కట్ట మీద మనిద్దరమే. ఆ కొంగ ఒక్కటి."

"కొంగ జరిగింది సూడు. గంట పని చేసినట్టే."

"నవ్వకు అత్తమ్మా. నువ్వు నవ్వితే హ్యాండిల్ ఊగుతున్నది."

"నవ్వక ఏం జెయ్యాలె బిడ్డా. రఘునాథపల్లిల చిన్నప్పుడు మా అన్న సైకిల్ దొంగతనంగ తీస్కపోయి నేర్చుకున్న. సీటు అందకపోతుండె. కడ్డీ కింది నుంచి కాలు పెట్టి తొక్కేదాన్ని. లగ్గమైనంక మల్ల ఎక్కుడు గిదే."

"అయినా పక్కింటి మరియమ్మ సైకిల్ అడిగి మరీ తెచ్చినవ్. గునుగు పువ్వు కోసానికి గింత దూరం రావాల్నా? గిదో, కట్ట కింద తెల్లగ ఎంత పూసిందో సూడు. కోసుకోని పోదాం."

"గది లేతగున్నది. ముందట మంచిగుంటది."

"ఇందాక బండల కాడ గట్లనే అన్నవ్."

"బతుకమ్మకు మంచి పువ్వు కావద్దా?"

"కావాలె. మరి పువ్వు తెంపితే దేంట్ల ఏసుకుందాం? సంచి ఏది?"

"ముందట సూసి తొక్కు. గుంత ఉన్నది."

"గుంత లేదు. సంచి ఏది అత్తమ్మా?"

"తేలే."

"తేలేదా, మర్చిపోయినవా?"

"తేలే."

"అయితే నిజం చెప్పు. ఎటు పోతున్నం?"

"గిట్లనే."

"గిట్లనే అంటే?"

"గిట్లనే కట్ట దిగి, మత్తడి దాటి, టేకు అడవిలబడి పోతే..."

"పోతే?"

"అండాలు ఊరొస్తది."

"మామయ్య చెల్లెలు అండాలమ్మనా? ఆగు అత్తమ్మా, సైకిల్ ఆపు."

"ఆపితే మల్ల ఎక్కరాదు నాకు. తొక్కుకుంటనే మాట్లాడు."

"ఆమె పేరు మన ఇంట్ల ఎత్తొద్దు కదా. నేను వచ్చిన కొత్తల్నే చెప్పిన్రు. ఎందుకని అడిగితే నీ కొడుకు గూడ చెప్పలే."

"చెప్పనీకి సిగ్గయి ఉంటది. కుర్చీ లొల్లి బిడ్డా."

"కుర్చీనా?"

"అండాలు బిడ్డ మేఘన లగ్గంల, మేనమామ కూసునేటి కుర్చీల ఎవలో లీడర్‌ను కూసోబెట్టిండు బ్రహ్మానందం అన్న. అండాలు పెనిమిటి. లీడర్ వస్తే ఆయనకు కాలు నిలువలే, సూసుకోలే. మీ మామ విస్తరి ముందట నుంచి లేచిండు. ఈ గడప మల్ల తొక్క, నా ఇంటోళ్లు ఎవలు తొక్కరు అన్నడు. అప్పట్నుంచి గంతే."

"కుర్చీ కోసం అన్నాచెల్లెండ్లు మాట్లాడుకుంటలేరా?"

"మంచి కుర్చీ గూడ గాదు. ఒక కాలు ఇరిగిన ప్లాస్టిక్ కుర్చీ. ఆ లీడర్ లగ్గం అయ్యేదాక ఒక పక్కకు ఒరిగే కూసున్నడు."

"అత్తమ్మా, నువ్వు నన్ను నవ్వియ్యకు. నేను పడ్డనంటే ఇద్దరం పడతం."

"నవ్వు బిడ్డా, ఎవలున్నరు సూడనీకి. బస్సు లేదు, జీపు లేదు, బొగ్గు లారీ లేదు. మొగోళ్లంత పెద్ద రోడ్డు మీద ఉన్నరు. మీ మామ అయితే తెల్లారకముందే పోయిండు రాస్తారోకోకు. ఈ తొవ్వకు ఎవలు రారు. అందుకే ఈ దినం సూసుకున్న."

"ఈ దినమే ఎందుకు? పండుగ అయినంక అడిగి పోతే అయిపోవు."

"అండాలు జారిపడ్డది. తొడబొక్క ఇరిగిందట. దవాఖానల రాడ్డు ఏసి ఇంటికి తెచ్చిన్రట. కంకులు అమ్మేటి చాందీ చెప్పింది. మీ మామకు చెప్పిన. పేపర్ చదువుకుంట కూసున్నడు, పేజీ తిప్పిండు. మల్ల చెప్పిన. మల్ల తిప్పిండు."

"మరి నువ్వేమన్నవ్?"

"సైకిల్ అడగనీకి మరియమ్మ కాడికి పోయిన. నేను కాపురానికి వచ్చినప్పుడు అండాలుకు ఇంక లంగా ఓణీ. నా పక్కనే పండుకునేది. నాకు మా అమ్మ యాదికొచ్చి ఏడిస్తే, అది గూడ ఏడ్చేది. ఎందుకు ఏడుస్తున్నవే అంటే నువ్వెందుకు ఏడుస్తున్నవో చెప్పు, నేను దానికే ఏడుస్తున్న అనేది. దానికి కాలిరిగితే నేను ఇంట్ల కూసోని కారం దంచుకోవాల్నా?"

"మామయ్యకు తెలిస్తే?"

"తెలిస్తే తెలుస్తది. నేను గూడ సమ్మెల ఉన్న అంట. ఊరంత సమ్మె చేస్తున్నది, నేనొక్కదాన్నే పొయ్యి కాడ డ్యూటీ చెయ్యాల్నా?"

"సరే. దా మరి. అయితే జర పైలం, గీడ దిగుడున్నది. కాళ్లు తియ్యకు."

"తీసిన."

"ఎందుకు తీసినవ్?"

"మంచిగనిపించింది."

"బ్రేకు పట్టు. గంట గాదు. అత్తమ్మా, అటు చెరువున్నది. అత్తమ్మా... ఏడున్నవ్?"

"తుంగగడ్డిల."

"దెబ్బ తాకిందా?"

"లేదు. మెత్తగున్నది. జరసేపు గీడనే ఉంట."

"లే అత్తమ్మా. చీరంత బురద."

"సైకిల్‌ను సూడు ముందుగాల. మరియమ్మకు ఏం చెప్పాలె?"

"సైకిల్ నీకన్న మంచిగున్నది."

చెరువు నీళ్లు పొర్లే మత్తడి దగ్గర.

"నీళ్లు మోకాళ్ల దాక దుంకుతున్నయి. ఎనుకకు పోదాం."

"ఒక సైకిల్ ఇద్దరం పట్టుకోని దాటిద్దాం, మల్ల వచ్చి ఇంకోటి. ముందు చక్రం నువ్వు పట్టు."

"పాకురున్నది. మెల్లగ. మెల్లగ అత్తమ్మా. ఎందుకు ఎగురుతున్నవ్?"

"చేపపిల్లలు కాళ్లకు తాకుతున్నయి. చక్కిలిగిలి."

"నవ్వకు, కాలు జారుతది."

"నవ్వుతున్నది నువ్వు బిడ్డా, నేను గాదు."

"నాకు గూడ తాకుతున్నయి మరి."

"అగో, నా చెప్పు."

"పోయిందా? ఆగు, పట్టుకుంట."

"పోనియ్యి. దానికి గూడ తిరగాలనిపించింది."

టేకు అడవిలో.

"సప్పుడు లేదు సూడు అత్తమ్మా. మన చక్రాల కింద మొరం, మీద ఆకులు, గంతే. పెద్ద రోడ్డు మీద ఎన్నడన్న గిట్ల ఇద్దరం పక్కపక్కన పోయేటందుకు ఐతదా?"

"ఆ మలుపు దాక ఎవలు ముందు పోతరో సూద్దామా?"

"నీ వయసేంది, ఈ పందెమేంది?"

"ఓడిపోతనని భయమా?"

"నాకా? పా మరి."

"..."

"..."

"నేనే గెలిచిన. కావాల్నని గెలువనిచ్చినవా ఏంది?"

"లేదు. చైను ఊడింది. నిజంగనే ఊడింది, నవ్వకు."

"ఎక్కియ్యి ఎక్కియ్యి. నేను గీడ మోదుగు చెట్టు కింద నిలబడ్త... సంధ్యా."

"ఆ."

"అగో, ఊరు కనబడుతున్నది."

"మంచిదే కదా. పోదాం దా. ఏమైంది? ఎందుకు కూసున్నవ్?"

"జర కూసోనియ్యి."

"తొక్కి తొక్కి అలిసినవా?"

"గందుకు గాదు. ఇంత దూరం నవ్వుకుంట వచ్చిన గానీ... అండాలు మొఖం తిప్పుకుంటే? ఇన్నేండ్లు యాదికి రాలే, ఇప్పుడెందుకొచ్చినవ్ అంటే నేనేం చెప్పాలె?"

"ఏం చెప్పకు. తిప్పుకుంటే ఈ తొవ్వనే ఎనుకకు పోదాం. చేపపిల్లలు మల్ల తాకుతయి."

"నువ్వు మంచి పిల్లవు సంధ్యా."

"ఈ మాట ఇంట్ల పదిమంది ముందట అను. దా."

అండాలు ఇంటి ముందర. ఆమె అరుగు మీద మంచంలో పడుకొని ఉంది.

"ఎవలు అది? కండ్లు కనబడ్తలెవ్వు, ఎండ కొడుతున్నది. దగ్గరికి రాండ్రి."

"నేనే అండాలు."

"నేనే అంటే... వదినా?"

"ఆ."

"ఒంటి నిండ బురదేంది? ఒక కాలుకే చెప్పున్నదేంది?"

"మత్తడిల పోయింది."

"ఎవలు తీస్కచ్చిన్రు నిన్ను?"

"ఎవలు లేరు. సైకిల్ తొక్కుకుంట వచ్చిన. మా కోడలు సంధ్య. ఇదీ వచ్చింది."

"నువ్వు సైకిల్ తొక్కినవా?"

"తొక్కిన."

"నా కోసమా?"

"నీ కాలు కోసం."

"నేను లేచి రాలేను వదినా. నువ్వే రా. గిట్ల నా పక్కన కూసో. ఏడ్వకు, నువ్వేడిస్తే నాకు ఆగదు."

"ఏడుస్తలే. చెమట."

"నాది గూడ చెమటనే. సంధ్యా, గిట్ల రా బిడ్డా. నీ లగ్గానికి రాలే నేను. సూడనీకి మస్తు ముద్దుగున్నవ్."

"మంచినీళ్లు తాగుతరా అండాలమ్మా? అత్తమ్మకు గూడ దూపయితున్నది. లోపలికి పోయి తెస్త."

"లోపలికి వద్దు. గిదో, అరుగు మీద బిందె ఉన్నది."

"వంటింట్ల నుంచి గ్లాసన్న..."

"చెంబున్నది. చెంబుతోటే తాగున్రి. లోపలంత ఆగమాగమున్నది."

"నా కాడ సిగ్గెందుకే అండాలు. నేను సదురుత."

"కూసో వదినా, కూసో. లోపలికి ఎందుకు?"

"సరే. ఒక్క మాట మాత్రం. నేను వచ్చినట్టు మీ అన్నకు తెల్వనియ్యకు. సంధ్య చెప్పదు, నేను చెప్ప. నీ నోట్ల నుంచి గూడ పోవద్దు."

"పోదు."

"ఏమిటికి నవ్వుతున్నవ్?"

"ఏం లేదు. ఊకెనే."

"లోపల ఆ గురకేంది? బ్రహ్మానందం అన్న ఇంట్లనే ఉన్నడా?"

"ఆయన రోడ్డు మీద వంటావార్పు కాడ ఉన్నడు. పొద్దూకితే గానీ రాడు."

"మరి ఎవలు?"

"జర మెల్లగ మాట్లాడు వదినా. మా అన్న పొద్దుగాల్నే సైకిలేసుకోని వచ్చిండు, నా కాలు పట్టుకోని సూసిండు, ఇప్పుడు తన కాళ్లు గుంజుతున్నయని పండుకున్నడు. నీకు మాత్రం తెల్వనియ్యొద్దని ఒట్టేయించుకున్నడు."