తెర వెనక గొంతు

పారిస్ శివారులో, సినిమాకి మాటలొచ్చిన కొత్తల్లో, ఒక స్టూడియో మేకప్ గదిలో జరిగిన మాటలివి. ఒకామె మూకీ సినిమాల రాణి సొలెన్. రెండో ఆమె క్లెమాన్స్, తెర వెనక నిలబడి సొలెన్‌కు గొంతు ఇవ్వడానికి వచ్చిన నాటకాల పిల్ల.

“తలుపు వేసెయ్. జలుబు చేసిందని చెప్పి వెళ్లిపో, క్లెమాన్స్.”

“నేను పోతే ఇంకొకర్ని తెస్తారు మేడమ్.”

“నా గొంతుకేమైంది?”

“గొంతుకేం కాలేదు. యాస బ్రిటనీ చేపల రేవుది, మీరు వేసేది దొరసాని వేషం.”

“చేపలు కోసుకునే పిల్లనని తెలిసే ఇన్నేళ్లూ జనం పూలు విసిరారు.”

“అప్పుడు మీ మాట వినలేదు కదా.”

“నీకు వయసుంది, నాటకాలున్నాయి. నాకిదొక్కటే ఉంది.”

“నాటకాలెక్కడివి? ఈ చెంప కాలాక నాకెవరూ వేషం ఇవ్వలేదు. గొంతే మిగిలింది.”

“సరే, మాటలు నువ్వే చెప్పు. బిడ్డ శవం మీద పడి ఏడ్చే సీను మాత్రం నాకొదిలెయ్. ఏడుపుకి యాసేముంటుంది?”

“అదీ నన్నే ఏడవమన్నారు. మీ ఏడుపు మోటుగా ఉందట.”

“మోటుగానా? నా కొడుకు పోయినప్పుడు అలాగే ఏడ్చానే.”

ఇంతలో ఇద్దర్నీ సెట్టు మీదికి పిలిచారు.

మొదటిసారి క్లెమాన్స్ నోరు విప్పలేదు. సొలెన్ ఏడుపే వినిపించింది. దర్శకుడు ఆపి, మళ్లీ చేయమన్నాడు. రెండోసారి క్లెమాన్స్ ఏడ్చింది. బొమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని, సొలెన్ చప్పుడు రాకుండా నోరు మాత్రం తెరిచింది.