తాగండి అన్నాను, అంతే

కాఫీ తాగమన్నాను లాయరమ్మా, కాఫీ! కేసు వదులుకుంటున్నానని నేనెప్పుడన్నాను?

ఉండు, ముందు ఈ కాలు ఎక్కడైనా పెట్టుకోనీ. ఆ స్టూలు ఇటు జరుపు. ఇంకొంచెం. హమ్మయ్య. ఆఫీసు మేడ మీద పెట్టుకున్నావేం తల్లీ? కాళ్లు విరిగినవాళ్ల కేసులు చూసేవాళ్లు కింద కూర్చోవాలి కదా! ఏంటీ, కొండ మీది ఈ సల్త్ ఊళ్లో కింద అనేదే లేదంటావా? అదీ నిజమేలే. ఎటు చూసినా మెట్లే.

సరే, మా అన్నయ్య పొద్దున్నే ఫోన్ చేశాడా నీకు? చేస్తాడనుకున్నాను. ఏమన్నాడు ముఫ్లిహ్? "మా రుదైనా కేసు అయిపోయింది, ఫైలు కట్టెయ్యండి" అన్నాడా? చూశావా! విరిగిందేమో నా ఎముక. అయిపోయిందని చెప్పేది ఆయన.

ఆ గొయ్యి సంగతి ఎంతమందికి చెప్పానో! ఆసుపత్రిలో చెప్పాను, పోలీసులకి చెప్పాను, కోర్టు గుమాస్తాకి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మళ్లీ పడుతున్నట్టే ఉంటుంది. మా ఇంటి ఓనరు అబూ గాలిబ్ మురుగు గొట్టం బాగుచేయాలని మెట్ల మొదట్లోనే గొయ్యి తవ్వించాడు. తవ్వించుకోనీ, నేనేం వద్దన్నానా? దాని మీద పుచ్చిపోయిన చెక్క ఒకటి పడేశాడు. దుమ్ము లేస్తోందని ఆ చెక్క మీద పాత తివాచీ ముక్క పరిచాడు. గొయ్యికి తివాచీ పరిచినవాణ్ని నువ్వెక్కడైనా చూశావా? పైగా పోలీసాయన నాకే బుద్ధులు చెప్పాడు, "చూసుకుని నడవాలి కదమ్మా" అని. చూసుకునే నడిచానయ్యా! తివాచీ కనిపించింది, తివాచీ మీద కాలేశాను. చుట్టాలింటికి వెళ్లినట్టు మర్యాదగా వేశాను. తర్వాత చూస్తే ఆ కాలు ఎటు తిరిగి ఉందో నాకే అర్థం కాలేదు.

అబూ గాలిబ్ ఏమన్నాడో తెలుసా? "దేవుడు అలా రాసిపెట్టాడు" అన్నాడు. దేవుడు రాసే ఉంటాడు, కాదనను. ఆ చెక్క ముక్క కూడా దేవుడే మోసుకొచ్చి వేశాడా?

ఈ కాలి విలువ నీకు నేను చెప్పక్కర్లేదు. డ్రైవింగు నా బండిలోనే నేర్చుకున్నావు. నువ్వు స్టీరింగు దగ్గర కూర్చుంటే నీ పక్కన నేను, నా కాలి కింద ఇంకో బ్రేకు. కూరగాయల బండి అడ్డం వచ్చినప్పుడు నువ్వు కళ్లు మూసుకుని కేక పెట్టావు, గుర్తుందా? బండి ఎవరు ఆపారు? ఈ కాలే! ఈ ఊళ్లో ఆడపిల్లలు చాలామంది ఈ కాలిని నమ్ముకుని రోడ్డు మీదికొచ్చారు.

ఇప్పుడది వంకరగా అతుక్కుంది. డాక్టరు మళ్లీ విరగ్గొట్టి, సరిగ్గా పెట్టి అతకాలంటున్నాడు. పక్కన ఆపి ఉన్న బండిలో కూర్చుని తొక్కి చూశాను. నిదానంగా అయితే పాదం దిగుతోంది. గబుక్కున తొక్కాలంటే దిగదు. గబుక్కున తొక్కలేని బ్రేకు ఎవరికి కావాలి? నష్టపరిహారం అడిగేది ఆ ఆపరేషన్ కోసమే. నేనేమన్నా మేడలు కట్టుకుంటానన్నానా?

అలాంటిది మొన్న జాహా వచ్చింది మా ఇంటికి. అబూ గాలిబ్ తరఫున రాజీ అడగడానికి ఊరి పెద్దమనుషులంతా కట్టగట్టుకుని వచ్చారు. భుజాల మీద నల్ల దుప్పట్లు, తెల్ల గడ్డాలు. ముందర హాజీ దైఫుల్లా, వెనకాల మిగతావాళ్లు. అబూ గాలిబ్ అందరికన్నా వెనక, తలొంచుకుని, పెళ్లికూతురిలా.

మేం ముందే అనుకున్నాం. అడిగింది ఇచ్చేదాకా పెద్దాయన కాఫీ ముట్టుకోడు కదా. ఇంటివాళ్లు "మీ కాఫీ తాగండి" అన్నారంటే ఇచ్చేసినట్టే, ఇక వెనక్కి తీసుకునేది లేదు. అందుకని ఆ ఒక్క మాట ముఫ్లిహ్ నోట రాకూడదు. "ఆలోచించుకోవడానికి కొంచెం గడువివ్వండి" అనాలి, అంతే. నన్ను ఆడవాళ్ల గదిలో కూర్చోబెట్టారు. తలుపు ఓరగా తీసి ఉంది. అన్నీ కనిపిస్తున్నాయి.

హాజీ దైఫుల్లా కప్పు అందుకున్నాడు. బల్ల మీద పెట్టాడు. అందరూ పెట్టేశారు. "పొరుగువాడు తప్పు ఒప్పుకున్నాడు, ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు. కోర్టు మాట మర్చిపోతామంటేనే తాగుతాం" అన్నాడు.

ముఫ్లిహ్ గడువు అడిగాడు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ ఊపాడు. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. మా అన్నయ్య చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అయినా నోరు విప్పలేదు. గోడలా కూర్చున్నాడు, పాపం. పుట్టి ఇన్నేళ్లయింది, ఆయన్ని చూసి గర్వపడింది ఆ పూటే.

అప్పుడు హాజీ దైఫుల్లా దగ్గాడు. పొడిదగ్గు. ముసలాయన, మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. కప్పు చేతికందే దూరంలోనే ఉంది. పైన ఆవిరి సన్నబడుతోంది. ఇంకా సన్నబడింది. ఇక లేదు.

"అయ్యో, చల్లారిపోతోంది, తాగండి పెదనాన్నా!" అన్నాను.

అంతే! కప్పులన్నీ ఒక్కసారి లేచాయి. గుటకలు కూడా వినబడ్డాయి నాకు. "నీ చేయి చల్లన, నీ ఇల్లు చల్లన" అంటూ దీవెనలు మొదలెట్టారు. అబూ గాలిబ్ అయితే రెండో కప్పు అడిగాడు, సిగ్గులేనివాడు!

నవ్వు, నవ్వు. నేనూ నవ్వేదాన్నే, వేరేవాళ్ల కాలైతే.

వాళ్లు గడప దాటగానే ముఫ్లిహ్ నా మీద విరుచుకుపడ్డాడు. "నేను నోరు కట్టేసుకుని కూర్చుంటే నువ్వు తలుపు చాటునుంచి పంచిపెట్టేశావు కదే! మాట మనింట్లోంచి వెళ్లిపోయింది. ఇంక కోర్టుకి వెళ్లావంటే నేను బజార్లో తలెత్తుకోలేను" అన్నాడు. నువ్వు తలెత్తుకోవడానికి నేను కాలీడ్చుకోవాలా అన్నాను. అప్పట్నుంచి నాతో మాట్లాడ్డం మానేశాడు. ఫోన్లో నీతో మాత్రం మాట్లాడాడన్నమాట.

తెలుసు, తెలుసు, నేనెక్కడా సంతకం పెట్టలేదు. చట్టానికి కాఫీతో పనిలేదు, కేసు బతికే ఉందంటావు. మరి ఫైలు ఎందుకు పక్కకి నెట్టావు? నేను చూడలేదనుకున్నావా? సాక్షి గురించేగా. తివాచీ పరుస్తుంటే కళ్లారా చూసింది దర్జీ నాయిఫ్ ఒక్కడే. అతను అబూ గాలిబ్ కొట్లో అద్దెకుంటున్నాడు. ఆరోజు వెనక వరసలో కూర్చుని అతనూ కాఫీ తాగాడు. నిన్న షాపు ముందు ఎదురుపడితే సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు. మిషను మీద కుట్టేవాడికి చేతిలో సూది ఎందుకు?

ఒక్క మాట చెప్తాను, అన్నయ్యతో అనకు. ఆ కాఫీ వదిన చేసిందనుకుంటున్నారు అందరూ. కాదు. నేనే చేశాను.

ఖితామ్ వదిన మంచిదే, కానీ ఆవిడ కాఫీ అంట్లు కడిగిన నీళ్లలా ఉంటుంది. ఊరి పెద్దలంతా మనింటికొస్తే ఆ నీళ్లు పొయ్యమంటావా? చంకలో కర్ర పెట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి గింజలు వేయించాను. దంచాను. ఏలకులు ఏరి ఏరి వేశాను. దింపేసరికి కాలు దిమ్మలా వాచిపోయింది. పళ్లు బిగబట్టుకున్నాను. అలాంటి కాఫీ, ఎవరూ ముట్టకుండా, నా కళ్లముందే... అప్పుడు నాకు పెదనాన్నా గుర్తులేడు, కోర్టూ గుర్తులేదు. ఒట్టు. కాఫీ ఒక్కటే కనిపించింది.

దయ కాదు లాయరమ్మా. ముసలాయన మీద జాలిపడ్డానని ఊరంతా మెచ్చుకుంటోంది. జాలీ లేదు, గీలీ లేదు. నా కాఫీ పాడైపోతోందని!

సరే, అయిందేదో అయింది. ఇప్పుడిటు చూడు. ఇందాక నాకూ కాఫీ తెప్పించావు కదా? నేను ముట్టలేదు. మర్చిపోయాననుకున్నావా? మర్చిపోలేదు. ఇదిగో, నీ బల్ల మీద, నీ ఎదురుగా పెడుతున్నాను. నా వెనకాల దుప్పట్లు లేవు, గడ్డాలు లేవు. నేనూ ఈ కర్రా, ఇదే నా జాహా. నాయిఫ్‌ని కోర్టుకి పిలిపిస్తాననీ, నా కేసు వదలననీ నువ్వనేదాకా ఈ కప్పు ముట్టను.

అలా చూడకు. ఫోన్ మోగనీ, ఇంకెవరు, మా అన్నయ్యే అయుంటాడు. చల్లారనీ. నాకేం తొందరలేదు, ఆ మెట్లు మళ్లీ దిగాలంటే ఎలాగూ భయమే.

ఏమన్నావ్?

మళ్లీ అను. గట్టిగా అను.

తాగమని అలవాటుగా అన్నావా, ఆలోచించే అన్నావా? రివర్సు వేసేముందు అద్దం చూసుకోమని ఎంత మొత్తుకునేదాన్ని నీకు... చూసుకున్నావా? వెనక ఎవరెవరున్నారో చూసుకునే అన్నావా?

సరే అయితే.

పూర్తిగా చల్లారిపోయింది. ఏలకులూ తక్కువే. అయినా తాగుతున్నాను, చూడు.