మేస్త్రి జిరాఫీకి వెక్కిళ్ళు

“అమ్మాయ్, మన వ్యాను డ్రైవరుకి ఇంకో టీ పొయ్యి. నా తరఫునే. రెండు బిస్కెట్లు కూడా పెట్టు. ఏరా అబ్బీ, రోజూ సిలిండర్లు ఎక్కించి దించే చెయ్యి, భలే గట్టిగా ఉందే!”

తాపీ మేస్త్రి డ్రైవరు దండచెయ్యి నొక్కి చూసి బెంచీ మీద ఇంకాస్త దగ్గరికి జరిగాడు. టీ కొట్టు ఆవిడ ముక్కున వేలేసుకుంది. కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఆయన ఇంకొకరికి టీ ఇప్పించడం ఇదే మొదలు.

“ఏంటి బాబాయ్ విశేషం?”

“విశేషం ఏముందమ్మా. పదింటికి బళ్ళో నా మనవరాలి పేరు పిలుస్తారు. అప్పటికి నేను చేసిన జిరాఫీ అక్కడ ఉండాలి. అంతే, చిన్న పని.”

“జిరాఫీనా!” అన్నాడు డ్రైవరు.

“మరేమనుకున్నావ్! మొన్న పిల్ల బడి నుంచి ఓ బొమ్మల పుస్తకం తెచ్చింది. ఒక జిరాఫీకి వెక్కిళ్ళు పట్టుకుంటాయి, అదీ కథ. పొట్టలో పుట్టిన వెక్కు ఆ మెడంతా ఎక్కి నోటి దాకా వచ్చేసరికి నాలుగు పేజీలు అయిపోతాయి. నీళ్ళు తాగమని కప్ప చెబుతుంది, ఊపిరి బిగబట్టమని కోతి చెబుతుంది. నవ్వి నవ్వి మాకే వెక్కిళ్ళు వచ్చాయి. టీచరమ్మ ఏమందంటే, ఈ పుస్తకం చూసి ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి ఏదైనా చేసుకురండి, మచ్చలు కత్తిరించి అతికించండి, మచ్చకో అక్షరం రాయండి, మెడ పొడుగు దారంతో కొలవండి, ఆటలోనే చదువు వస్తుంది అంది. మిగతా ఇళ్ళలో ఏం చేశారు? పేపరు ప్లేటుకి అట్టముక్క మెడ అతికించి, ఇదే జిరాఫీ అన్నారు. మూడంతస్తుల మేడలు లేపినవాణ్ణి, నా మనవరాలు పేపరు ప్లేటు పట్టుకెళ్ళడమా? పైగా పోయినసారి మా వియ్యంకుడు, అదే, టైలరు గారు, గుడ్డపీలికలతో కుందేలు కుట్టిచ్చి పేరంతా కొట్టేశాడు. అప్పట్నుంచీ పిల్ల నోట ‘అమ్మ వాళ్ళ నాన్న తాత’ అని ఒకటే జపం. నేను తాతని కానా? ఇటుక పేర్చడం రాని తాతనా?”

“అయితే మీరేం చేశారు?”

“పాత పేపర్లు, పిండి ఉడికించిన జిగురు, నాలుగు కర్రలు. ముందు పిల్లి అంత చేశా. పిల్ల చూసి, తాతా, మెడ చాల్లేదంది. మెడ పెంచా. ముందుకి తూలింది. తూలకుండా పొట్ట పెంచా. పొట్టకింద కాళ్ళు పుల్లల్లా కనిపించాయి, కాళ్ళు లావు చేశా. అప్పుడు పిల్ల మళ్ళీ చూసి, తాతా, ఇప్పుడు మెడ చిన్నదైపోయిందంది. ఇలా ఒకదాని వెనక ఒకటి. ఇంట్లో పేపర్లు అయిపోయాయి, వీధిలో పేపర్లు అయిపోయాయి, తెల్లారి పేపరాయన వస్తే సైకిలు మీది కట్ట కట్టంతా లాక్కున్నాం. ఆ రోజు ఊళ్ళో ఎవరికీ వార్తలు తెలియలేదు. ఎక్కడా గొడవ కూడా జరగలేదు, కావాలంటే ఎవరినైనా అడుగు.”

“మెడ ఎంతయింది బాబాయ్ చివరికి?”

“కొలుద్దామని దారం పట్టుకున్నాం. ఉండ అయిపోయింది. పక్కింటివాళ్ళ ఉండ తెచ్చి ముడేశాం, అదీ అయిపోయింది. సరే, లెక్క తర్వాత చూద్దాం, ముందు అక్షరాలు రాద్దాం అనుకున్నాం. మచ్చకో అక్షరం. అ నుంచి ఱ దాకా రాసినా మచ్చలు అయిపోతేనా! గుణింతాలు ఎత్తుకున్నాం. క, కా, కి, కీ. గుణింతాలు అయిపోయాయి, ఒత్తులు ఎత్తుకున్నాం. తోక దగ్గరికి వచ్చేసరికి మాకు కొత్త అక్షరాలు కనిపెట్టాల్సి వచ్చింది. రెండు కనిపెట్టాను. బాగానే ఉన్నాయి, కానీ పలకడానికి నోరు తిరగదు.”

డ్రైవరు బిస్కెట్ టీలో ముంచి తీయడం మరిచిపోయాడు. అది విరిగి గ్లాసు అడుక్కి పోయింది.

సరిగ్గా అప్పుడే వియ్యంకుడు టైలరు వచ్చాడు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. గబగబా నడిచి వచ్చినట్టు చొక్కా వీపుకి అంటుకుపోయింది. మేస్త్రిని చూసి ఏదో అనబోయి, ఆయన ఊపు చూసి, ఒక టీ తీసుకుని బెంచీ చివర కూర్చున్నాడు.

“రండి బావగారూ, సమయానికి వచ్చారు, మీరూ వినండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్షరాలన్నీ ఎక్కాక జిరాఫీకి ప్రాణం వచ్చింది. చదువొస్తే మనిషికే ప్రాణం లేచొస్తుంది, జిరాఫీకి రాదా? కళ్ళు తెరిచింది, నన్ను చూసింది, వెక్కింది. వెక్కు పొట్టలో మా హాల్లో మొదలైంది. మేము అన్నాలు తిన్నాం, చేతులు కడుక్కున్నాం, మా ఆవిడ ఓ కునుకు తీసి లేచింది. అప్పుడు వినిపించింది, పక్క వీధిలో, ‘హిక్’ అని!”

“తల పక్క వీధిలో ఉందా?”

“మరి నా ఇంట్లో పడుతుందా! కిటికీలోంచి బయటికి పంపాం. ప్రతి వెక్కుకీ ఓ మచ్చ ఊడి ఎగిరిపోయేది. ఒక మచ్చ పోయి ఎదురింటి ముసలాయన నుదుటికి అతుక్కుంది. పుట్టి బుద్ధెరిగి అక్షరం ముక్క రాని మనిషి. సాయంత్రానికి పేపరు చదివి, ఇందులో తప్పులున్నాయని పేపరు వాళ్ళతో పోట్లాటకి వెళ్ళాడు. ఇంకా తిరిగి రాలేదు.”

“వెక్కిళ్ళు ఆపలేకపోయారా మరి?” అంది టీ కొట్టు ఆవిడ.

“నీళ్ళు తాగించాం. మేడ మీది ట్యాంకులన్నీ తాగేసింది. ఊపిరి బిగబట్టమన్నాం. బిగబడితే ఉబ్బి మబ్బులోకి లేచింది. అక్కడ ఒక్క వెక్కు వెక్కేసరికి మబ్బు రెండు ముక్కలైంది. వాన కురిసింది. ఊరంతా కాదు, సరిగ్గా మా బావగారి కుట్టు కొట్టు మీద. ఏం బావగారూ, అబద్ధమా?”

టైలరు టీ ఊదుకుంటూ తల ఊపాడు. “నిజమే బావగారూ. మిషను మీద గొడుగు పట్టుకుని చొక్కా చేతులు కుట్టాను.”

“విన్నారా! మా బావగారు మాట తూచి మాట్లాడే మనిషి.” మేస్త్రికి ఇక పట్టపగ్గాలు లేవు. “నిన్న సాయంత్రం దాన్ని అలా ఊరు చూపిద్దామని నడిపించుకెళ్ళా. అడుగు తీసి అడుగేస్తే నది అవతల ఉన్నాం. స్టేషను దగ్గర దాహమేసి మెడ వంచింది. ఇంతలో రైలు వచ్చింది. మెడ చూసి కొత్త వంతెన అనుకుని డ్రైవరు ఎక్కించేశాడు! పెట్టెలన్నీ మెడ మీద. చెయ్యూపే వాళ్ళు చెయ్యూపుతున్నారు, టీలమ్మేవాళ్ళు టీలమ్ముతున్నారు. పైకెళ్ళాక డ్రైవరు తొంగి చూసి, అయ్యా, ఇది ఏ స్టేషనండీ అన్నాడు. ‘జిరాఫీ తలకాయ, ఇక్కడ దిగేవాళ్ళెవరూ లేరు, వెనక్కి పోనీ’ అన్నా. ఆ రైలు వెళ్ళిన బరువుకే వెక్కిళ్ళు కట్టేశాయి. అప్పుడు పిల్లతో చెప్పా: ‘అమ్మడూ, రేపు నువ్వు మీ నాన్నతో ముందు వెళ్ళు. జిరాఫీ నడిచి వస్తుంది.’ పిల్ల క్లాసంతా చెప్పేసిందట. అందరూ గేటు దగ్గర నిలబడి ఉంటారు.”

“అయితే ఇంకేం, బయల్దేరదీయండి పెద్దాయనా, తొమ్మిదిన్నర అవుతోంది,” అన్నాడు డ్రైవరు.

“తీద్దాం, తీద్దాం. నువ్వు ఇంకో టీ తాగు. నీ వ్యాను ఖాళీయేనా? ఇంకో ఇద్దరు గట్టివాళ్ళు దొరుకుతారా ఈ చుట్టుపక్కల?”

“నడిచొచ్చే జిరాఫీకి గట్టివాళ్ళు ఎందుకు బాబాయ్?”

మేస్త్రి డ్రైవరుకి పెట్టిన రెండో బిస్కెట్ తీసి తన నోట్లో వేసుకున్నాడు. టైలరు ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“నేను చెబుతానమ్మా. మీ ఇంటి నుంచే వస్తున్నాను బావగారూ. మిమ్మల్ని వెతకమని చెల్లెమ్మ పంపింది. జిరాఫీ చూశాను. బాగుంది, మచ్చలు ముచ్చటగా ఉన్నాయి. ఎత్తు నా భుజం దాకా ఉంది. కాకపోతే జిగురు ఆరడం లేదని మీరు చేతి అలవాటు కొద్దీ అందులో సిమెంటు కలిపారు చూడండి, పొద్దున పిల్ల వాళ్ళు బయల్దేరాక ఆ తడిదాన్ని గాలికి ఆరుతుందని గుమ్మంలో నిలబెట్టారు చూడండి, అది గుమ్మానికి పట్టేసింది. కదిలిస్తే కదలడం లేదు. దొడ్డిదారి లేని ఇల్లాయె, చెల్లెమ్మ లోపలే ఉండిపోయింది. కిటికీ ఊచల్లోంచి మాట్లాడింది.”

డ్రైవరు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. టీ కొట్టు ఆవిడ పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూసుకోలేదు.

“ఏమంది?” అన్నాడు మేస్త్రి, చాలా చిన్న గొంతుతో.

“ఉన్నదున్నట్టు చెప్పమంది, చెబుతున్నా. ‘అన్నయ్యగారూ, ఆయన సుత్తి పుచ్చుకుని జిరాఫీ మీదికి వస్తే మాత్రం ఊరుకోను, అది పిల్లది. పగలగొట్టాల్సింది గోడే. గోడలు కట్టడం ఆయనకి వచ్చుగా, మళ్ళీ కట్టుకుంటారు’ అంది.”

మేస్త్రి తన చేత్తో నిలబెట్టిన గుమ్మం అది. తడి గుడ్డతో తుడుచుకునే గుమ్మం. తర్వాత లేచి తువ్వాలు నడుముకి బిగించాడు.

“నవ్వింది చాలు. అబ్బీ, వ్యాను తియ్యి. దారిలో నేను కట్టే మేడ దగ్గర ఆపు, గడ్డపార అక్కడుంది. అమ్మాయ్, నవ్వులు విని కొట్టు ముందుకొచ్చిన ఆ ఇద్దరినీ కేకెయ్యి, తిరిగొచ్చాక టీలు నావి. బావగారూ, మీరు నేరుగా బడికి వెళ్ళండి. మేం వచ్చేదాకా పిల్ల పేరు పిలవకుండా టీచరమ్మని మాటల్లో పెట్టండి.”

“పెడతాను. పిల్ల అడిగితే ఏం చెప్పమంటారు?”

మేస్త్రి వ్యాను ఎక్కుతూ ఆగాడు. ఈసారి వియ్యంకుడి ముఖంలోకి చూడలేకపోయాడు.

“నడిచొస్తోందనే చెప్పండి బావగారూ. పిల్ల నలుగురిలో చిన్నబోతుంది.”

టైలరు మెడలోని టేపు తీసి, చుట్టి, జేబులో పెట్టుకున్నాడు.

“నడిచే వస్తోందని చెబుతాను. కాకపోతే, సగం దారి దాకా నడిపించుకొచ్చింది నేనని చెబుతాను.”