గేటు దగ్గర రెండో మనిషి

నూలుమిల్లులో సమ్మె. ఫిట్టర్ని పోలీసులు గేటు దగ్గర ఎత్తుకెళ్ళి మూడు రోజులైంది. ఏ స్టేషన్లో అడిగినా మా దగ్గర లేడు పొమ్మంటున్నారు. టీకొట్టు బల్లల మీద కూర్చున్నవాళ్ళకి టీ కూడా చేదుగానే ఉంది. అప్పట్నించీ జ్వరమని ఇల్లు కదలని బాకా బాబాయి ఆ సాయంత్రమే బయటికొచ్చాడు. ఆ మొహాలు చూసి ఆయన నోరు ఊరుకోలేదు.

"ఆరోజు నేను చేసింది పెద్దగా ఏం లేదురా, మేనేజరు కారుకి అడ్డంగా నిలబడ్డానంతే. తప్పుకోమన్నాడు. ఒక్క నినాదం ఇచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారు అద్దాలు భళ్ళున రాలిపోయాయి!"

"అరుపుకేనా?" అన్నాడు టీకొట్టాయన.

"అరుపుక్కాదయ్యా, గొంతు సవరించుకుంటేనే! అరిచాక కదా మిల్లు పొగగొట్టం ఒరిగింది, రేపు మళ్ళీ మనమే పనిచేసుకోవాలిగా అని నేనే భుజం పెట్టి నిలబెట్టా. ఇంతలో పోలీసు వ్యాను. వెనకనించి పట్టుకున్నా. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, పొగలొస్తున్నాయి, బండి అంగుళం కదిలితే ఒట్టు! చివరికి డ్రైవరే దిగొచ్చి, పిల్లలుగలవాణ్ణి బాబూ అని కాళ్ళమీద పడితే జాలేసి వదిలేశా."

అందరూ నవ్వారు. మూడు రోజులకి నవ్వారు. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. తాను పుట్టింది ఇందుకే అనిపించింది.

నవ్వనిది ఫిట్టరు భార్య ఒక్కతే. చివరి బల్ల మీంచి లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆ వ్యాను ఎటు తిరిగింది బాబాయ్?"

"ఏ వ్యానమ్మా?"

"మా ఆయన్ని ఎక్కించుకున్నది. గేటు దగ్గర ఇద్దరిద్దరు ఉండాలని, ఒకర్ని పట్టుకుపోతే రెండోవాళ్ళు చూసొచ్చి చెప్పాలని అందరం కూర్చుని అనుకున్నాం కదా. ఆరోజు ఆయనకి జంట నువ్వు. రెండుసార్లు మీ ఇంటికొచ్చా, జ్వరమన్నారు. కుడికి తిరిగితే ఊళ్ళోకి. ఎడమకైతే అడివి రోడ్డు. ఎటు వెళ్ళింది?"

బాబాయి నోరు తెరిచాడు. ఏదో ఒక వైపు చెప్పెయ్యడం ఆయనకి చిటికెలో పని. కానీ ఏ వైపు చెబితే ఈమె ఆ వైపే పరిగెడుతుంది. భయమేసింది. "చూళ్ళేదమ్మా, వ్యాను కనబడగానే పారిపోయా," అన్నాడు తలొంచుకుని.

"నిన్ను వ్యాను ఆపమని ఎవరూ అడగలేదు బాబాయ్," అంది ఆమె. "చూసొచ్చి చెప్పమన్నాం, అంతే. చెప్పడం నీకు బాగా వచ్చనే కదా అక్కడ పెట్టాం."